డొల్ల గోడకు బాత్రూమ్ గ్రాబ్ బార్లు: బోర్డును నమ్మవచ్చా, లోపలి ఫ్రేమునే పట్టుకోవాలా?

ప్రశ్న

మా అత్తగారికి మోకాలి కీలు మార్పిడి శస్త్రచికిత్స జరిగింది. నడక కుదుటపడింది గానీ, కమోడ్ మీద నుంచి లేచేటప్పుడు, షవర్ వైపున్న చిన్న గట్టు దాటేటప్పుడు చేతికి ఊతం లేనిదే ఆవిడకు ధైర్యం చాలడం లేదు. ఇప్పుడు టవల్ రాడ్‌ను పట్టుకుని లేస్తున్నారు. ఆ రాడ్ ఒక చివర అప్పుడే ఊగడం మొదలుపెట్టింది కాబట్టి, అది ఊడి చేతిలోకి రాకముందే సరైన గ్రాబ్ బార్లు (చేతి ఊతం కోసం గోడకు బిగించే కడ్డీలు) పెట్టించాలని అనుకుంటున్నాను.

చిక్కంతా గోడలతోనే ఉంది. బాత్రూమ్‌కు రెండు వైపులా ఇటుక గోడలే ఉన్నా, కమోడ్ వెనుక గోడ, కమోడ్ నుంచి షవర్ వరకు సాగే పొడవాటి గోడ మాత్రం పడకగదిని విడదీయడానికి తరువాత కట్టిన పార్టిషన్లు. వేళ్లతో తడితే డొల్ల శబ్దం వస్తుంది. లోపల సన్నటి ఇనుప రేకు ఫ్రేము, దానికి రెండు వైపులా బోర్డు, బాత్రూమ్ వైపు బోర్డు మీద టైల్స్ ఉన్నాయని ఇల్లు అమ్మినవారు చెప్పారు.

హార్డ్‌వేర్ దుకాణంలో డొల్ల గోడలకు వాడే, లోపలికి దూరాక వెనుక రెక్కలు విచ్చుకునే టాగుల్ బోల్టులు చూపించారు. ఒక్కొక్కటి 40 కిలోలు మోస్తుందని ప్యాకెట్ మీద ఉంది. గ్రాబ్ బార్‌కు రెండు చివరలా మూడేసి రంధ్రాలున్నాయి కాబట్టి ఆరు బోల్టులు కలిసి 240 కిలోలు మోయాలి. ఆవిడ బరువు 70 కిలోలకు మించదు. ఈ లెక్క సరైనదేనా అన్నది నా మొదటి సందేహం. టైల్స్‌కు రంధ్రాలు వేయనక్కరలేకుండా రబ్బరు కప్పులతో గాలి పీల్చుకుని అతుక్కునే కడ్డీలు సరిపోతాయా అన్నది రెండోది. కమోడ్‌కు ఒక పక్క గోడ లేదు కాబట్టి, వెనుక గోడకు బిగించి అవసరమైనప్పుడు కిందికి దించుకునే మడత కడ్డీ పెట్టవచ్చా అన్నది మూడోది. అనుభవం ఉన్నవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం (పార్టిషన్ పనులు చేసే వడ్రంగి)

మీ మూడు ప్రశ్నలకూ క్లుప్తంగా సమాధానం కాదనే. ఎందుకు కాదో తెలిస్తే ఏం చేయాలో కూడా దానంతట అదే తెలుస్తుంది కాబట్టి, కొంచెం విడమరచి రాస్తున్నాను.

ముందుగా ప్యాకెట్ మీది అంకె సంగతి. ఆ అంకె బోల్టుకు సంబంధించినదే తప్ప మీ గోడకు సంబంధించినది కాదు. టాగుల్ బోల్టు ఎంత గట్టిదైనా, అది వెనుక నుంచి పట్టుకుని ఉండేది సుమారు 12 మి.మీ. మందం ఉన్న బోర్డునే. ఇనుము తెగకముందే బోర్డు చిట్లి, బోల్టు రెక్కలతో సహా బయటికి వస్తుంది. పైగా ఆ అంకె గోడ వెంబడి కిందికి వేలాడే బరువుకు ఇచ్చారా, గోడ నుంచి బయటికి లాగే బలానికి ఇచ్చారా, అది విరిగే బరువా లేక సురక్షితంగా మోసే బరువా అన్నది చాలా ప్యాకెట్ల మీద సరిగా ఉండదు. విరిగే బరువులో నాలుగో వంతును మాత్రమే సురక్షిత భారంగా తీసుకోవడం ఈ రకం బిగింపుల్లో వాడుక.

ఆరు బోల్టులు కాబట్టి ఆరు రెట్లు అన్న లెక్క ఇంకా ప్రమాదకరం. గ్రాబ్ బార్ చివరనుండే ఫ్లాంజ్ (గోడకు ఆని స్క్రూలు దిగే గుండ్రటి బిళ్ల) వ్యాసం 8 సెం.మీ. చుట్టుపక్కల ఉంటుంది. టాగుల్ రెక్కలు ముడుచుకుని లోపలికి దూరాలంటే, బోల్టు సన్నదే అయినా, రంధ్రం 13 నుంచి 19 మి.మీ. వరకు వేయాలి. అరచేయంత జాగాలో అలాంటివి మూడు రంధ్రాలు వేశాక అక్కడ మిగిలే బోర్డు ఎంతో మీరే ఊహించండి. మూడు బోల్టులూ ఆ కాస్త బోర్డునే పంచుకుంటాయి కాబట్టి, లాగినప్పుడు ఆ ముక్క మొత్తం ఒకేసారి ఊడి వస్తుంది. దీనికి తడి తోడైతే జిప్సం బోర్డు లోపల మెత్తబడిపోతుంది. టైల్స్ పైకి నిగనిగలాడుతూనే ఉంటాయి.

బరువు విషయంలో కూడా 70 కిలోలు అన్నది నిలబడి ఉన్న మనిషి లెక్క. కాలు జారిన మనిషి కడ్డీని పట్టుకున్న క్షణంలో దాని మీద పడే కుదుపు ఒంటి బరువును దాటిపోగలదు. అమెరికాలో 2010లో వచ్చిన అందుబాటు ప్రమాణాలు గ్రాబ్ బార్ మీద ఏ బిందువు దగ్గరైనా, నిలువుగా గానీ అడ్డంగా గానీ, 250 పౌండ్ల బలం, అంటే సుమారు 113 కిలోల బరువు, పడినా తట్టుకోవాలని చెబుతాయి. అందులో గమనించవలసిన మాట ఏమిటంటే, ఆ బలాన్ని కడ్డీ ఒక్కటే కాదు, స్క్రూలు, బిగించే భాగాలు, వాటి వెనుక ఆధారంగా నిలిచే నిర్మాణం, అన్నీ తట్టుకోవాలి. మీ దగ్గర మొదటి మూడూ ఉన్నాయి, నాలుగోది లేదు.

రబ్బరు కప్పుల కడ్డీని ఒంటి బరువు మోసే చోట వాడకండి. నున్నటి పెద్ద టైల్ మీద పెట్టిన రోజున గట్టిగానే ఉంటుంది. టైల్స్ మధ్య సందు మీదికి కప్పు అంచు వచ్చినా, టైల్ కొంచెం గరుకుగా ఉన్నా గాలి మెల్లగా చేరి, ముందస్తు సూచన లేకుండా వదిలేస్తుంది. ఊతం లేదని తెలిస్తే మనిషి జాగ్రత్తగా అడుగు వేస్తాడు. ఉందని నమ్మి బరువు వేశాక ఊడిపోయే ఊతం అసలు లేనిదానికంటే చెడ్డది.

మడత కడ్డీ సంగతి లెక్కతో చెబుతాను. అది గోడ నుంచి సుమారు 75 సెం.మీ. ముందుకు ఉంటుంది. దాని పై స్క్రూల వరుసకు, కింది స్క్రూల వరుసకు మధ్య దూరం 15 సెం.మీ. అనుకోండి. మనిషి చివర 40 కిలోల బరువు వేసి లేచినా, పై వరుసను గోడ నుంచి బయటికి లాగే బలం 40ని 75తో హెచ్చించి 15తో భాగించగా వచ్చే 200 కిలోలు. పూర్తి బరువు 80 కిలోలు చివర పడితే అది 400 కిలోలు. డొల్ల బోర్డు ఏ బిగింపుతోనూ దీన్ని మోయదు. గోడకు బిగించి మడిచే షవర్ కుర్చీకి కూడా ఇదే వర్తిస్తుంది. కాళ్లున్న కుర్చీ అయితే బరువు నేల మోస్తుంది, గోడతో పనే ఉండదు.

ఇక చేయవలసినది. మీరు చెప్పిన పార్టిషన్‌కు రెండో వైపు పడకగది ఉంది. అదే మీ అదృష్టం. టైల్స్ జోలికి పోకుండా, పడకగది వైపు బోర్డును కోసి తీసి, లోపలి స్టడ్ల (ఫ్రేములోని నిలువు కమ్మీల) మధ్య దళసరి ప్లైవుడ్ గానీ, అడ్డ చెక్కలు గానీ బిగించి, బోర్డు మళ్లీ మూసేయవచ్చు. బోర్డు కోయడం, అతికించి పుట్టీ పెట్టి రంగు వేయడం చూడ్డానికి పెద్ద పనిలా కనిపిస్తుంది. నిజానికి తడి పనులేవీ లేని ఈ పనికి, బాత్రూమ్ వైపు టైల్స్ పగలగొట్టి మళ్లీ వేయించడానికీ పోలికే లేదు. ఒకసారి చెక్క లోపల పడితే గ్రాబ్ బార్‌ను ఆ చెక్క ఉన్నంత మేర ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

అయితే ఆ పనికి ముందు ఒక పరీక్ష చేయండి. గోడ మధ్యలో అరచేతితో గట్టిగా తోసి చూడండి. గోడ మొత్తం కదిలినట్టు అనిపిస్తే, ఫ్రేము నేలకూ పైకప్పుకూ సరిగా బిగించలేదని అర్థం. అలాంటి గోడలో చెక్క పెట్టినా ప్రయోజనం లేదు. ముందు ఫ్రేమును సరిచేయాలి, లేదా నేలకు బిగించే కడ్డీల వైపు చూడాలి.

సమాధానం (మరొక సభ్యుడు)

పై సమాధానంలో చాలావరకు ఒప్పుకుంటాను గానీ, బోర్డు బిగింపులన్నిటినీ ఒకే గాటన కట్టడం సరికాదు. గ్రాబ్ బార్ల కోసమే చేసిన డొల్ల గోడ బిగింపులు వేరుగా ఉన్నాయి. వాటికి ఫ్లాంజ్ మొత్తానికీ కలిపి మధ్యలో ఒకటే పెద్ద రంధ్రం వేస్తారు. దాని గుండా లోపలికి పంపిన రెక్కలు బోర్డు వెనుక వెడల్పుగా విచ్చుకుని, బలాన్ని పెద్ద విస్తీర్ణం మీద పరుస్తాయి. టైల్స్ వెనుక సిమెంటు బోర్డు ఉండి, రెండూ గట్టిగా అతికి ఉన్న గోడకు ఇవి పనికివస్తాయి. అద్దె ఇంట్లో ఉండేవారికి, వెనుక వైపు నుంచి గోడ తెరవడానికి వీలులేని వారికి ఇంతకంటే మార్గం ఉండకపోవచ్చు.

వడ్రంగి

మీ మాట నిజమే. వాటిని కలిపి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. కానీ వాటి తయారీదారులు ఎంత మందం బోర్డు, ఏ రకం బోర్డు, దాని మీద టైల్ ఉండాలా అన్న షరతులు రాసిపెడతారు. ఆ షరతులు తీరాయో లేదో మూసి ఉన్న గోడ బయటి నుంచి చూసి చెప్పడం కష్టం. ప్రశ్న అడిగినవారికి లోపల జిప్సం ఉందో సిమెంటు బోర్డు ఉందో ఇంకా తెలియదు. కడ్డీ ఒక చివరైనా స్టడ్‌కు బిగుసుకుని, రెండో చివరకు స్టడ్ దొరకనప్పుడు ఆ రకం బిగింపు వాడటం నాకు సమ్మతమే. రెండు చివరలూ బోర్డు మీదే ఆధారపడే పని మాత్రం, వెనుక వైపు తెరిచే వీలున్న ఇంట్లో, నేను చేయను.

సమాధానం (ఆక్యుపేషనల్ థెరపిస్ట్, అంటే రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా రోగులకు సాయపడే నిపుణులు)

గోడ బలం గురించి చెప్పడానికి ఇక్కడ సమర్థులున్నారు. నేను కడ్డీ ఎక్కడ ఉండాలో చెబుతాను, ఎందుకంటే చెక్క ఎక్కడ బిగించాలో తేలేది దాన్నిబట్టే. చాలా ఇళ్లలో గోడలో స్టడ్ దొరికిన చోట కడ్డీ పెట్టి, మనిషిని దానికి తగ్గట్టు వంగమంటారు. అది తలకిందుల పద్ధతి.

పొడి నేల మీద, బట్టలతో, చెప్పులు లేకుండా, ఆవిడ చేత కమోడ్ మీద కూర్చునే, లేచే, గట్టు దాటే పనులు ఒకటికి రెండుసార్లు నిదానంగా చేయించండి. పక్కన ఒకరు తోడుండాలి. ఏ క్షణంలో ఆవిడ చేయి ఆధారం కోసం ముందుకు వెళుతుందో, అరచేయి ఎక్కడ ఆనుతుందో గమనించి, అక్కడ గోడకు కాగితపు టేపు అంటించండి. టేపు గుర్తులన్నీ చూస్తే కడ్డీ ఎక్కడ, ఏ దిశలో ఉండాలో తెలుస్తుంది. షవర్ గట్టు దగ్గర చేయి సాధారణంగా నిలువు కడ్డీని కోరుతుంది, ఎందుకంటే అక్కడ మనిషి లాగిపట్టుకుని ఒక కాలి మీద నిలుస్తాడు. కమోడ్ పక్కన అడ్డ కడ్డీ కావాలి, ఎందుకంటే అక్కడ కిందికి నొక్కి లేస్తాడు. రెండు పనులకూ సరిపోతుందని ఏటవాలుగా పెట్టే కడ్డీని నేను పెద్దగా ఇష్టపడను. తడి చేయి, సబ్బు చేయి దాని వెంట కిందికి జారుతుంది.

అడ్డ కడ్డీ ఎత్తుకు ప్రమాణాల్లో కనిపించే కొలత నేల నుంచి 84 నుంచి 91 సెం.మీ. అది బహిరంగ స్థలాల కోసం, అందరినీ దృష్టిలో పెట్టుకుని పెట్టిన కొలత. మీది ఒక్క మనిషి వాడే కడ్డీ కాబట్టి ఆవిడ మోచేయి ఎత్తును బట్టి కొంచెం అటూ ఇటూ జరపవచ్చు. కడ్డీ లావు 32 నుంచి 38 మి.మీ. ఉంటే ముసలి వేళ్లకు పట్టు చక్కగా అందుతుంది. కడ్డీకీ గోడకూ మధ్య ఖాళీ మాత్రం 38 మి.మీ. దగ్గరే ఉండాలి. ఎక్కువ ఖాళీ ఉంటే సౌకర్యం అనుకుంటారు గానీ, జారినప్పుడు ముంజేయి ఆ సందులో దూరి ఇరుక్కుంటుంది. పడే మనిషి బరువంతా ఆ చేతి ఎముక మీద పడుతుంది.

కమోడ్‌కు గోడ లేని వైపు గురించి అడిగారు. కమోడ్ చుట్టూ నిలబడే నాలుగు కాళ్ల ఫ్రేములు ఉన్నాయి. వాటి ఎత్తు సరిచేసుకోవచ్చు, రెండు చేతులకూ సమానంగా ఊతం ఇస్తాయి, గోడతో సంబంధం లేదు. కమోడ్ సీటు బోల్టులకే బిగించేవి కదలకుండా ఉంటాయి కాబట్టి వాటిని ఎంచుకోండి. గోడ పని పూర్తయ్యే వరకు టవల్ రాడ్ అలవాటు మాన్పించడానికి కూడా అదే మార్గం. వీలైతే ఆ రాడ్‌ను ఈరోజే తీసేయండి, ఎందుకంటే కనిపిస్తున్నంత కాలం చేయి దాని మీదికే పోతుంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. కమోడ్ ఫ్రేము తెచ్చాం, టవల్ రాడ్ తీసేశాం. టేపు పరీక్ష కూడా చేశాం. నేను మనసులో అనుకున్న చోటుకూ ఆవిడ చేయి వెళ్లిన చోటుకూ దాదాపు ఒక జానెడు తేడా వచ్చింది.

పడకగది వైపు స్విచ్ బోర్డు తీసి, ఆ కంతలోంచి టార్చ్ వేసి చూశాను. ఇనుప రేకు స్టడ్లే ఉన్నాయి. అయస్కాంతంతో గోడ వెంట వెతికితే వాటి మధ్య దూరం సుమారు 61 సెం.మీ. అని తేలింది. బాత్రూమ్ వైపు బోర్డు బూడిద రంగులో సిమెంటు బోర్డులా కనిపిస్తోంది. వెనుక వైపు తెరిచి ప్లైవుడ్ పెట్టడానికి ఇంట్లో అందరూ ఒప్పుకున్నారు. ప్లైవుడ్ ఎంత మందం ఉండాలి, ఆ సన్నటి రేకుకు దాన్ని ఎలా బిగించాలి, టైల్ పగలకుండా రంధ్రం ఎలా వేయాలి అన్నవి చెబితే పనివారికి వివరంగా చెప్పుకోగలను. షవర్ పైపు కూడా ఇదే గోడలో ఉందేమోనని భయంగా ఉంది.

వడ్రంగి

పైపు భయంతోనే మొదలుపెడదాం, ఎందుకంటే వెనుక వైపు తెరవడంలో ఉన్న పెద్ద లాభం అదే. పైపులు, వైర్లు కంటికి కనిపిస్తాయి. కనిపించిన వాటికి దూరంగా రంధ్రం వేస్తాం. బోర్డు కోసేటప్పుడు మాత్రం మెయిన్ స్విచ్ ఆపి, నీళ్ల వాల్వ్ కట్టేసి, లోతుగా దిగే యంత్రపు రంపం కాకుండా చేతి రంపంతో, బోర్డు మందం వరకే కోయించండి. కోత గీతలు రెండూ ఒక్కో స్టడ్ ముఖం నడి మధ్య మీదికి వచ్చేలా గీసుకుంటే, తిరిగి మూసేటప్పుడు బోర్డు అంచులకు స్క్రూ కొట్టుకునే ఆధారం దొరుకుతుంది.

స్టడ్ రేకు మందం సాధారణంగా అర మిల్లీమీటరు చుట్టుపక్కల ఉంటుంది. దానికి నేరుగా గ్రాబ్ బార్ స్క్రూ కొడితే మొదట పట్టినట్టే ఉంటుంది. పదేపదే లాగేసరికి రేకులో రంధ్రం పెద్దదై స్క్రూ ఖాళీగా తిరుగుతుంది. స్టడ్ దొరికింది కదా అని సంతోషించడం చెక్క స్టడ్ విషయంలో సరే, రేకు స్టడ్ విషయంలో కాదు. అందుకే ప్లైవుడ్ బలం రేకు అంచు మీద ఒకటి రెండు స్క్రూలతో వేలాడకూడదు. నేను చేసే పద్ధతి ఇది: ముందు స్టడ్ కాలువలోకి సరిపోయే నిలువు చెక్కను నేల నుంచి కనీసం ప్లైవుడ్ పై అంచు వచ్చే ఎత్తు వరకు దూర్చి, రేకు పక్క గోడ గుండా 30 సెం.మీ.కు ఒక స్క్రూ చొప్పున బిగిస్తాను. ఆ రెండు నిలువు చెక్కల మధ్య ప్లైవుడ్ పలకను, బాత్రూమ్ వైపు బోర్డుకు వెనుక నుంచి అంటుకునేలా కూర్చి, అంచుల పొడవునా చెక్కకు స్క్రూలతో బిగిస్తాను. ఇలా చేస్తే కడ్డీ మీది బలం పలక నుంచి నిలువు చెక్కకు, అక్కడి నుంచి స్టడ్ పొడవునా పంచుకుపోతుంది.

ప్లైవుడ్ 18 మి.మీ. కంటే తక్కువ వద్దు. 18 మి.మీ.వి రెండు పలకలు జిగురుతో, స్క్రూలతో కలిపి 36 మి.మీ. చేస్తే స్క్రూ మరలకు పట్టు దండిగా ఉంటుంది. గోడ లోపలి ఖాళీ లోతు అనుమతిస్తే నేను అదే చేస్తాను. తేమకు పొరలు విడిపోని రకం వాడాలి. పార్టికల్ బోర్డు గానీ, ఎం.డి.ఎఫ్. గానీ ఎవరైనా ఇస్తే తిప్పి పంపండి. తడి తగిలిన రోజున పొడైపోతాయి. పలకను కడ్డీ వచ్చే చోటు మేరకే కాకుండా నేల నుంచి 60 సెం.మీ. దగ్గర మొదలుపెట్టి 150 సెం.మీ. వరకు పొడవునా వేయించండి. రేపు ఆవిడ అవసరం మారి కడ్డీ జరపవలసి వస్తే గోడ మళ్లీ తెరవనక్కరలేదు. బోర్డు మూసే ముందు, కొలత టేపు గోడకు ఆనించి, పైపులు, చెక్కలు కనిపించేలా ఫొటోలు తీసి దాచుకోండి.

మీ స్టడ్ల మధ్య దూరం 61 సెం.మీ. అని చెప్పారు. పలక పూర్తిగా ఉంటుంది కాబట్టి ఇప్పుడు ఆ దూరంతో మీకు నిమిత్తం లేదు. ఇది చదివే మిగతావారి కోసం ఒక మాట: చెక్క స్టడ్లు 40.6 సెం.మీ.కు ఒకటి ఉన్న గోడల్లో 61 సెం.మీ. కడ్డీని రెండు స్టడ్లకూ అందించాలంటే దాదాపు 48 డిగ్రీల వాలులో పెట్టాలి. పై థెరపిస్ట్ గారు వద్దన్న ఏటవాలు కడ్డీలు చాలా ఇళ్లలో కనిపించడానికి కారణం మనిషి అవసరం కాదు, ఈ కొలతే. అలాంటి చోట 40.6 లేదా 81 సెం.మీ. కడ్డీ తెచ్చుకుంటే అడ్డంగానే రెండు స్టడ్లకూ అందుతుంది. నిలువు కడ్డీకి ఈ ఇబ్బందే లేదు, ఎంత పొడవైనా ఒకే స్టడ్ మీద కూర్చుంటుంది. ఇంకొక చిన్న చిక్కు ఏమిటంటే, చెక్క స్టడ్ ముఖం 38 మి.మీ. వెడల్పే కాబట్టి, మూడు రంధ్రాల ఫ్లాంజ్‌లో సాధారణంగా రెండు స్క్రూలే చెక్కలోకి దిగుతాయి. ఫ్లాంజ్‌ను తిప్పి ఆ రెండూ చెక్క మీదికి వచ్చేలా చూసుకుని, మూడోదానికి మాత్రమే డొల్ల గోడ బిగింపు వాడాలి.

టైల్ రంధ్రం విషయానికి వస్తే, తొందరపాటే టైల్‌ను పగలగొడుతుంది. కడ్డీని గోడకు ఆనించి, రసమట్టంతో చూసి, రంధ్రాల గుర్తులు పెట్టాక, గుర్తు మీద కాగితపు టేపు అడ్డంగా నిలువుగా అంటించండి. బిట్టు నున్నటి మెరుపు మీద జారదు. మామూలు సిరామిక్ టైల్‌కు కార్బైడ్ మొన బిట్టు చాలు, పోర్సెలిన్ అయితే డైమండ్ బిట్టే కావాలి. డ్రిల్లు హ్యామర్ మీట ఆపేసి, తక్కువ వేగంతో, బిట్టు మీద నీళ్లు చిలకరిస్తూ, దానంతట అది తినేలా వదలాలి. టైల్ అంచుకు రెండు మూడు సెంటీమీటర్ల లోపు రంధ్రం రాకుండా ఫ్లాంజ్ చోటు జరుపుకోండి. టైల్‌లో రంధ్రం స్క్రూ కంటే సుమారు 2 మి.మీ. పెద్దదిగా ఉండాలి, స్క్రూ మర టైల్‌ను ఒరుసుకుంటూ దిగితే ఆ రోజు కాకపోయినా కొన్నాళ్లకు పగులు పాకుతుంది. టైల్, బోర్డు దాటాక బిట్టు మార్చి, ప్లైవుడ్‌లోకి స్క్రూ కంటే సన్నటి రంధ్రం వేయాలి.

స్క్రూలు 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీల్‌వి, 5.5 నుంచి 6 మి.మీ. లావువి కావాలి, ఉప్పు గాలి తగిలే ఇళ్లలో 316 మంచిది. పొడవును టైల్, జిగురు, బోర్డు మందాలన్నీ కలిపి, దానికి ప్లైవుడ్ మందం చేర్చి లెక్కించండి. స్క్రూ మొన ప్లైవుడ్ దాటి కొంచెం బయటికి రావాలి గానీ, పడకగది బోర్డును తాకకూడదు. బోర్డు బిగించే నల్ల స్క్రూలు చేతికందాయని వాడనివ్వవద్దు. అవి పెళుసు, వంగకుండా పుటుక్కున తెగుతాయి, తడికి తుప్పు కూడా పడతాయి.

చివరగా సిలికాన్. ప్రతి రంధ్రంలోకి కొంత నింపి, ఫ్లాంజ్ వెనుక చుట్టూ గీతలా పెట్టి బిగించాలి. ఎందుకంటే ఆ రంధ్రం టైల్ వెనుక ఉన్న వాటర్ ప్రూఫింగ్ పొరను కూడా చీల్చింది. ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం ఇనుప రేకును తింటుంది కాబట్టి న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది తీసుకోండి. ఫ్లాంజ్ కింది వైపు కొద్దిగా ఖాళీ వదిలేస్తే, ఎప్పుడైనా లోపల నీరు చేరినా బయటికి కారి మీకు తెలుస్తుంది.

సమాధానం (ఇంకొక సభ్యుడు)

ఈ చర్చలోకి వచ్చేవారిలో కొందరి డొల్ల గోడ బోర్డుది కాకుండా, హాలో బ్రిక్‌దో హాలో కాంక్రీటు బ్లాకుదో అయి ఉంటుంది. వారి కోసం నాలుగు మాటలు. ఆ గోడల్లో మామూలు ప్లాస్టిక్ ప్లగ్ పలచని పై పెంకును దాటి ఖాళీలోకి పోతుంది; అక్కడ విచ్చుకున్నా పట్టుకోవడానికి ఏమీ ఉండదు. హ్యామర్ మీట వేసి డ్రిల్లు చేస్తే లోపలి పెంకు పెళ్లలుగా రాలిపోతుంది కాబట్టి ఇక్కడ కూడా తిప్పుడు మాత్రమే ఉంచాలి.

ఈ గోడలకు సరైనది కెమికల్ యాంకర్. రంధ్రం వేసి, బ్రష్‌తో తోమి, గాలి ఊది దుమ్మంతా తీసేసి, జల్లెడ గొట్టాన్ని లోపల దూర్చి, దాని అడుగు నుంచి బయటికి వస్తూ రెసిన్ నింపి, స్టెయిన్‌లెస్ మర కడ్డీని తిప్పుతూ లోపలికి నెడతారు. రెసిన్ జల్లెడ కళ్లలోంచి ఖాళీల్లోకి ఉబికి, గట్టిపడ్డాక వెనుక నుంచి పట్టు ఇస్తుంది. దుమ్ము తీయడం మానేసినా, గట్టిపడే సమయం గడవకముందే నట్టు బిగించినా ఆ పట్టు రాదు. ఆ సమయం వాతావరణం వేడిని బట్టి మారుతుంది, ట్యూబు మీద పట్టికగా ఇస్తారు. గోడ రెండో వైపు కూడా మీ చేతిలోనే ఉంటే, మర కడ్డీని ఈ వైపు నుంచి ఆ వైపుకు పూర్తిగా దూర్చి, వెనుక ఉక్కు పలక వేసి నట్టు బిగించడం ఇంకా గట్టి పని. అందం చెడుతుందనే ఒక్క కారణంతో దాన్ని వద్దనేవారే ఎక్కువ.

నేలకూ పైకప్పుకూ మధ్య ఒత్తిడితో నిలిచే నిలువు స్తంభం కూడా కొందరు ఆలోచిస్తారు. అది గోడ బాధ తప్పిస్తుంది గానీ, బాత్రూమ్‌లో పైన కనిపించేది ఫాల్స్ సీలింగ్ అయితే దానికి ఆనించకూడదు. అసలు స్లాబ్‌కు తగలాలి.

ప్రశ్న అడిగినవారు

ఈ వివరాలన్నీ పనివారికి చూపించాను. నిలువు చెక్కల పద్ధతికి ఒప్పుకున్నారు. కడ్డీ బిగించాక ఆవిడ వాడటానికి ముందు దాన్ని ఎలా పరీక్షించాలి?

వడ్రంగి

సిలికాన్ పూర్తిగా ఆరేందుకు కనీసం ఒక రోజు వదిలేయండి. ఆ తరువాత ఇంట్లో అందరికంటే బరువైన ఆరోగ్యవంతుడు పొడి నేల మీద, వెనుక మరొకరిని నిలబెట్టుకుని, కడ్డీని రెండు చేతులతో పట్టుకుని ముందు మెల్లగా, తరువాత పూర్తి బరువుతో కిందికి వేలాడాలి. ఆ పైన గోడకు ఎదురుగా నిలబడి వెనక్కి వాలి లాగాలి. రెండు చివరలా విడివిడిగా, మధ్యలో ఒకసారి లాగి చూడాలి. ఒకరు లాగుతుండగా ఇంకొకరు ఫ్లాంజ్ అంచున వేలు పెట్టి ఉంచితే, కంటికి ఆనని కదలిక కూడా వేలికి తెలుస్తుంది. వెంట్రుకవాసి కదిలినా ఫ్లాంజ్ మూత తీసి స్క్రూ చూడండి. స్క్రూ ఖాళీగా తిరిగితే దాన్నే మళ్లీ బిగించకుండా, కొంచెం లావైనది వేయండి లేదా ఫ్లాంజ్‌ను తిప్పి కొత్త రంధ్రం వేయండి.

మొదటి నెల తరువాత ఒకసారి, ఆపైన మూడు నాలుగు నెలలకు ఒకసారి ఇదే పరీక్ష చేస్తే చాలు. ఫ్లాంజ్ చుట్టూ సిలికాన్ విడిపోవడం, కింద తుప్పు మరక కారడం, దగ్గరి టైల్స్ సందుల్లో కొత్త పగుళ్లు, ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆవిడ చేత కడ్డీ వాడకం ఆపించి, గోడ చూపించండి.